మెరుపుకి అడ్డం

"అడ్డం లేవండి చిట్టిబాబు గారూ! షట్టర్ తెరిచేశాను."

"లేవను. ఏం చేసుకుంటావో చేసుకో."

గుడివాకలంక దారిలో కొల్లేటి చేపల చెరువు గట్టు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. సాబిరా ఒక చేత్తో కెమెరా మీద గొడుగు పట్టుకుని, రెండో చేత్తో కేబుల్ బటన్ నొక్కిపెట్టింది. కెమెరాకి ఎదురుగా, గట్టు నట్టనడుమ చిట్టిబాబు. కెమెరాని ఎటు తిప్పితే అటు జరుగుతున్నాడు. ఇరుకు గట్టు. ఇంకో అడుగు పక్కకి వేస్తే చెరువే.

ఇదంతా స్టూడియో ఓనరు పాపారావు పెట్టిన పందెం. మెరుపుని ఫోటో తీసుకొస్తే తాడేపల్లిగూడెం పెళ్ళి ఆర్డరు సాబిరాది. తేలేకపోతే జన్మలో బయటి పని అడక్కూడదు, స్టూడియోలో ఆడవాళ్ళకి దువ్వెనా పౌడరూ అందిస్తూ ఉండాలి. సాక్షిగా చిట్టిబాబుని వెళ్ళమన్నాడు. ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళన్నీ తీస్తున్నది ఆ చిట్టిబాబే! దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయింది.

"ఇంక చాలు రామ్మా! పిడుగులు పడేలా ఉన్నాయి" గట్టు కింద ఆటోలోంచి తండ్రి మీరావలి కేకేశాడు.

"రీల్లో ఇదే ఆఖరిది నాన్నా! ఇది తీయకుండా రాను."

"ఆఖరిదీ పోయినట్టే" చిట్టిబాబు పకపకా నవ్వాడు. "ఆ మెరుపేదో నా వెనకాలే మెరుస్తుంది. ఫోటోలో నేనే పడతాను. మూసెయ్, ఇంటికి పోదాం."

సాబిరాకి ఒళ్ళు మండిపోయింది.

"మూయను. చీకట్లో మీరు తెల్లార్లూ నిలబడినా ఫిల్ము మీద పడరు. మెరిసిన రెప్పపాటులో ఏముంటే అదే పడుతుంది. నిలబడండి, నేనూ నిలబడతాను. ఎవరు ముందు విసుగెత్తుతారో చూద్దాం!"

ఆ మాట నోట్లో ఉండగానే నెత్తిమీద ఉరుము దద్దరిల్లింది. అది ఆగేలోపే ఆకాశం నిలువునా చీలింది. వెంటనే ఫెళఫెళమంటూ పిడుగు. సాబిరా కళ్ళు బైర్లు కమ్మాయి. గొడుగు ఎగిరి చెరువులో పడింది. అయినా బటన్ వదల్లేదు, వెలుగు ఆరాకే వేలు తీసింది.

"పడ్డానా ఫోటోలో?" చీకట్లోంచి చిట్టిబాబు గొంతు వినబడింది.

ఏడుపు ముంచుకొచ్చింది. వాడి ముందు ఏడవకూడదని పళ్ళు బిగించి స్టాండు మడిచింది.

మర్నాడు ల్యాబ్ నుంచి కవరొచ్చింది. పాపారావు ఆఖరి ప్రింటు తీసి నోరెళ్ళబెట్టాడు. ఆకాశం నుంచి కొల్లేటి నీళ్ళదాకా వేళ్ళు పరిచిన మెరుపు. అడ్డంగా పురుగు కూడా లేదు. సాబిరా తన కళ్ళని తానే నమ్మలేకపోయింది.

"దొంగ ఫోటో అండీ!" చిట్టిబాబు గయ్యిమన్నాడు. "ఏదో క్యాలెండరు బొమ్మని ఫోటో తీసుంటుందండీ. ఆ మెరుపు మెరిసినప్పుడు నేను అడ్డంగా గోడలా నిలబడ్డానండీ. అంగుళం కదిలితే ఒట్టు!"

"అడ్డంగా నిలబడ్డావా? నిన్ను పంపింది చూడ్డానికా, చెడగొట్టడానికా?"

చిట్టిబాబు నాలిక్కరుచుకున్నాడు. పాపారావు సాబిరా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మాయ్. వీడు నిజంగా అడ్డం నిలబడ్డాడా?"

లేదంటే గూడెం పెళ్ళి ఆమెదే. సాబిరా తలెత్తి చెప్పింది.

"నిలబడ్డారండీ. అయినా ఈ ఫోటో తీసింది నేనే. అబద్ధమాడి ఆర్డరు తీసుకోను. నిజం చెప్పినందుకు వదులుకోను కూడా!"

"అదెలా కుదురుతుందమ్మా? మనిషుంటే ఫోటోలో పడాలిగా!"

పాపారావు సొరుగులోంచి భూతద్దం తీసి ప్రింటు మీద పెట్టాడు. మెరుపంతా వెతికాడు. నీళ్ళు వెతికాడు. భూతద్దం ఇంకా కిందికి జరిపి గట్టు దగ్గర ఆపాడు. ఒకసారి ఫోటోకేసి, ఒకసారి చిట్టిబాబు బట్టతలకేసి చూశాడు. గూడెం పెళ్ళి శుభలేఖ తీసి సాబిరా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్ చిట్టిబాబూ, బురదలో బోర్లా పడి, రెండు చెవులూ మూసుకున్న గోడని ఇవాళే చూస్తున్నానురా!"