సొన్నప్ప వేసిన కేక

సొన్నప్ప పాతర మీదికి వంగి, “లోపల ఎవరన్నా ఉండారా?” అని గట్టిగా కేకేశాడు.

జవాబు రాలేదు. నిచ్చెన పైకి లాగాడు. బండ జరిపి మూత పెట్టాడు. ఆకాశంలో మబ్బు కమ్ముతోంది. తడి దిగితే పాతర పాడైపోతుంది. ఆ పని చూసుకుని, ఎద్దుల్ని తోలుకురావడానికి చేనికి పోయాడు.

అది 1954. బెంగళూరు పక్కన కృష్ణరాజపురం చుట్టూ ఇంకా రాగి చేలే. పంట ఇంటికొస్తే పెరట్లో తవ్విన పాతరలో పోసి దాచేవాళ్ళు. పాతరకు మూతి ఇరుకు, కడుపు వెడల్పు. పెద్ద కుండను భూమిలో పూడ్చినట్టుంటుంది. పాత రాగులు అయిపోయాయని, గాలి ఆడాలని, ఆ ఉదయమే దాని మూత తీసిపెట్టారు.

సొన్నప్ప అన్న కూతురు మునిరత్న లోపలే ఉంది.

తొమ్మిదేళ్ళ పిల్ల. అడుగున మిగిలిన రాగులు కోడిపిల్లలకు ఊడ్చుకుందామని దిగింది. సొన్నప్ప కేక వేసినప్పుడు గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది. ఎదురుగా అడుగున పరిచిన గడ్డి కదులుతోంది. ఆ గడ్డిలోంచి ఒక పాము తల పైకి లేస్తోంది. రత్న కళ్ళు దాన్ని వదల్లేదు.

మూత పడి లోపల చీకటి కమ్మాకే ఆమె పైకి చూసింది. నిచ్చెన లేదు. ఆకాశం లేదు. బండ పక్క సందులోంచి దారమంత వెలుగు మాత్రం దిగుతోంది.

ఆ వెలుగులోకి పాము వచ్చింది. పెద్దమనిషి పడుకున్నంత పొడవు. గోడ పట్టుకుని నిలువునా లేచింది. జారి పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. గోడ వెంట చుట్టూ తిరిగి మొదటి చోటికే వచ్చింది. అది తన కోసం రాలేదని, దారి కోసం వెతుకుతోందని రత్నకు మెల్లిగా తెలిసింది. కూర్చుంది. పాము కూడా కాస్త దూరంలో చుట్ట చుట్టుకుంది.

పైన, పెరటి పక్క దారిలో బండి పోయినప్పుడు నేల అదిరింది. ఆ అదురు రత్నకు వీపులో తెలిసింది. పాముకూ తెలిసింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. అదురు పోయింది. ఇద్దరూ తల దించారు. అట్లా ఎన్నిసార్లో. గాలి బరువెక్కుతూ వచ్చింది. మూసిన పాతరలో దీపమే ఎక్కువసేపు నిలవదు.

పొద్దు వాలేసరికి ఇంటి ముందు జనం చేరారు.

పక్కింటి భాగీరథమ్మ, “రత్నా, ఓ రత్నా” అంటూ పెరడంతా తిరిగింది.

“పిలిచింది చాల్లే తల్లీ, వెతకండి,” అంది రత్న అవ్వ పిల్లమ్మ.

రత్న తండ్రి చెన్నరాయప్ప బావిలోకి పాతాళగరిగ దించాడు. కొక్కేనికి ఏదో తగిలింది. అతని చేతులు ఆగిపోయాయి. కాసేపు లాగలేకపోయాడు. చివరికి లాగితే పాత బొక్కెన. కళ్ళు తుడుచుకుని మళ్ళీ దించాడు.

అప్పుడే సొన్నప్ప చేనినుంచి వచ్చాడు.

“పాతరలో చూసినారా?” అని ఎవరో అడిగారు.

“ఆడ లేదులే. మూసేముందు నేను కేకేసినా,” అన్నాడు సొన్నప్ప.

పిల్లమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

“కేకేసినావా?”

సొన్నప్ప మొహం పాలిపోయింది. పిల్లమ్మ అప్పటికే పాతర వైపు పరుగెడుతోంది.

బండ తీశారు. చెన్నరాయప్ప గబగబా దిగాడు. పామును చూసి, పైనుంచి కర్ర అందుకుని ఎత్తాడు. రత్న లేచి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. వదల్లేదు.

“జెర్రిపోతన్నా. విషముండదు. పోనీ,” అన్నాడు పైనుంచి సొన్నప్ప.

రత్నను పైకి తెచ్చాక అతనే దిగాడు. పామును గోనెలో పట్టి తెచ్చి, చేని గట్టు మీద వదలడానికి తీసుకుపోయాడు. రత్న వెంటపడింది. వద్దని పిల్లమ్మ చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. చివరికి అవ్వా వెళ్ళింది.

ఆ తర్వాత రత్నను పాముల నుంచి ఎవరూ విడదీయలేకపోయారు. తొండ అయినా, ఉడుమైనా, నాగుపామైనా గంటలకొద్దీ చూస్తూ కూర్చునేది. పెళ్ళి చూపులకు వచ్చినవాళ్ళు పెరట్లో గోనెసంచి కదలడం చూసి మంచినీళ్ళు కూడా తాగకుండా లేచిపోయారు. ఆమె నవ్వుకుంది. ఇంట్లో పాము దూరిందంటే మహదేవపురం నుంచి కూడా ఆమె కోసం బండి కట్టుకొచ్చేవాళ్ళు. పట్టుకుని చెరువు గట్టున వదిలేసేది. ఒక్కదాన్నీ చంపనివ్వలేదు.

1966లో నగరంలోని ఒక కాలేజీ నుంచి జయరాజు అనే లెక్చరర్ ఆమె పని చూడ్డానికి వచ్చాడు. రత్న అతనికి వీపు పెట్టి కూర్చుని, దెబ్బ తగిలిన పొడపాముకు పసుపు అద్దుతోంది.

“మీకు పాములంటే ఇంత ఇష్టం ఎలా కలిగిందండీ?” అని అడిగాడు జయరాజు.

ఆమె తిరిగి చూడలేదు. గడపలో కూర్చున్న పిల్లమ్మ బదులు చెప్పింది.

“ఆ పొద్దు చేని గట్టు మీద, పాముకు చెవులుండవని సొన్నప్ప సైగ చేసి చూపిస్తే, పుట్టినకాడ్నుంచీ ఒక్క మాటన్నా చెవిన పడని నా మనవరాలు, దాని తల మీద ఒక వేలు, తన చెవి మీద ఒక వేలు పెట్టి, ఆ రెండు వేళ్ళూ జోడించి నాకు చూపించిందప్పా.”