ఐదో ఫొటో

పోశం పోయింది దసరా నాడు. ఆ సాయంత్రమే, గోదావరిఖనిలో వాళ్ల డాబా మీద, కొడుకు జగదీశ్వర్ ఆయన్ని ఫొటో తీశాడు.

బాణసంచాను రకరకాలుగా తీయడం జగదీశ్వర్‌కు పిచ్చి. నిరుడు దీపావళికి షట్టర్ తెరిచి ఉండగానే ఫోకస్ తిప్పాడు. రవ్వలన్నీ బంతిపూలయ్యాయి. మంచిర్యాల పోటీలో ఆ ఫొటోను ఎవరూ రెండోసారి చూడలేదు. "ఇందులో మనిషేడీ?" అన్నారు.

అందుకే ఈసారి మనిషిని పెట్టాడు. ఇంటి ఎదుటి స్టేడియంలో రావణ దహనమయ్యాక కాల్చే బాణసంచా ఆకాశం నిండా గీతలు గీయాలి. కింద, కుర్చీలో, మనిషి రాయిలా ఉండాలి. షట్టర్ ముప్పై సెకన్లు తెరిచే ఉంటుంది. ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య లెన్సుకు నల్ల అట్ట అడ్డం పెడతాడు. కూర్చున్న మనిషి కదిలితే మసకబారిపోతాడు.

"బాపూ, ఊపిరి సుత మెల్లగ తీసుకోవాలె."

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసిన బిడ్డా. బొగ్గు పేల్చినంక మా పని చూసే సర్దార్ సీటీ కొట్టేదాక మెదలకుంట కూసున్నోణ్ని," పోశం నవ్వాడు. "నీ ముప్పై సెకన్లు నాకో లెక్కనా?"

కానీ ఆ ఊపిరితిత్తులు ఇప్పుడు లేవు. మొదటి ఫొటోలో దగ్గాడు. రెండోదాంట్లో భుజాలు ఎగిరాయి. మూడోదాంట్లో ముఖమే లేదు, తెల్లటి మరక.

"గంతగనం చెప్తివి, బాయిల కూసున్ననని. గిదేనా?"

"పొగ, బిడ్డా. ఆ ఇన్‌హేలర్ జర..."

"ఒక్కటి మంచిగ రానియ్యి. ఇస్త."

కింద నుంచి తల్లి కనకవ్వ అరిచింది. "ఆయనకు పొగ పడదురా! జల్ది తోల్కరా!"

"అయిపోయిందవ్వా. వస్తున్నం."

నాలుగోది కొంచెం నయం. జగదీశ్వర్ కుర్చీ దగ్గరికి వెళ్లాడు. వంగి, కాసేపు అలాగే ఉన్నాడు. తండ్రి గడ్డం పైకెత్తి సరిచేశాడు. చొక్కా పై గుండీ పెట్టాడు. వెనక్కి వచ్చి ఐదోది తీశాడు.

అది కుదిరింది. పైన ఆకాశమంతా వెలుగు. కింద పోశం, ముడతలతో సహా స్పష్టంగా.

మంచిర్యాలలో దానికే మొదటి బహుమతి వచ్చింది.

"మా నాన్నగారైతే పది సెకన్లు కూడా కుదురుగా కూర్చోరండీ," అన్నాడు న్యాయనిర్ణేత విష్ణువర్ధన్. "మీరెలా కూర్చోబెట్టారు?"

"బాయి మనిషి సార్. అలవాటు," అన్నాడు జగదీశ్వర్. "ఫొటో అయినంక 'మంచిగొచ్చిందా బిడ్డా' అన్నడు. గదే ఆఖరి మాట."

హాలంతా చప్పట్లు. ముందు వరసలో కనకవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పోయేముందు కొడుకు ముచ్చట తీర్చిండు," అంది పక్కావిడతో.

నాలుగో ఫొటో తర్వాత వంగినప్పుడే, ముక్కు దగ్గర పెట్టిన జగదీశ్వర్ వేలికి తండ్రి ఊపిరి తగల్లేదు. అయినా ఐదోది తీసేదాకా అతను ఎవరినీ పిలవలేదు.