టీయా, కాఫీయా?

"టీయా, కాఫీయా? తొందరగా తేల్చండి మాస్టారూ, వెనక జనం ఉన్నారు" అన్నాడు ఆసుపత్రి క్యాంటీన్ యజమాని, రెండు ఫ్లాస్కుల మీదా చేతులు పెట్టి.

మాస్టారంటే టైలర్ షాపులో కటింగ్ మాస్టర్. ఒకప్పుడు ఆయన కత్తెర పట్టాడంటే గుడ్డ మీద గీత గీసే పని కూడా ఉండేది కాదు. తలలో గడ్డ తీసేశాక ప్రాణం దక్కింది గానీ, ఏదీ తేల్చుకోలేని మనిషయ్యాడు. టీ ఎందుకు మంచిదో గడగడా చెప్పగలడు. కాఫీ గురించీ అంతే. మనసు మాత్రం ఎటూ మొగ్గదు.

కత్తెర పట్టుకుని గుడ్డ ముందు పూటంతా నిలబడిపోతుంటే, షాపు ఓనరు ఇంటికి పంపేశాడు.

"పసిపిల్లాడినైనా సాకొచ్చు, ఈయనతో నా వల్ల కాదు" అని భార్య అన్నగారింటికి బయల్దేరింది. ఉండమనాలో వెళ్ళమనాలో ఆయనకి తేలేలోపే ఆటో సందు మలుపు తిరిగిపోయింది.

అప్పట్నుంచీ ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

"ఆయనకి టీ. నాకూ టీయే" అంది పక్కనున్నావిడ.

చికిత్సకి వచ్చినప్పుడల్లా ఆవిడే ఆదుకునేది. ఒకరోజు టీ అనేది, ఇంకోరోజు కాఫీ. గుక్క గొంతు దిగాక, తనకి కావలసింది అదేనని ఆయనకి అనిపించేది. ఎవరో రోగికి తోడుగా వస్తోందనుకున్నాడు. కట్టుకున్నదానికే అంతుచిక్కని తన మనసు ఈవిడకెలా తెలుస్తోందో!

ఇద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు.

"చూడండమ్మా, ఒక్క సాయం చెయ్యండి. ఓనరు మళ్ళీ పనిలోకి రమ్మంటున్నాడు. ఈసారీ గుడ్డ ముందు బొమ్మలా నిలబడితే, ఇక నా చేతికి కత్తెర ఇచ్చేవాడుండడు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వెళ్ళనా, మాననా? మీరెలా అంటే అలా."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కాసేపు వీధిలోకి చూసింది, కాసేపు ఆయన మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"నాదీ మీ జబ్బేనండీ... రోజూ మీ చూపు మొదట ఏ ఫ్లాస్కు మీద పడితే, అదే పైకి చెప్పేదాన్ని."