పేజీలో దాచిన పేరు

"మీ బాపు పేరు గీ పేజీల ఎందుకు దాచినవమ్మా?"

రామస్వామి అడిగిన తీరుకు గోదావరి చేయి మౌసు మీదే ఆగిపోయింది. బోధన్ దగ్గరి ఆ చక్కెర మిల్లులో ఆయన కేన్ ఆఫీసరు. ఆమె రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి మిల్లు వెబ్‌సైటు చూసుకునే అమ్మాయి. ఎవరు ముందు చెరుకు నాటితే వాళ్లకు ముందు కోత పర్మిట్, రోజుకు పది మందికి. ఈ ఏడు నుంచి ఆ పది పేర్లూ ఆమె తయారుచేసిన పేజీలోనే వస్తున్నాయి.

"దాచుడేంది సార్?"

"నాకు తెల్వదనుకున్నవా? నా కంప్యూటర్ల ఆ పేజీ తెరిచి, లోపలి రాతంత చూసిన. ఏం లేదు. గదే పేజీ సర్వర్ల తెరిస్తే నడుమల మీ బాపు భీమన్న పేరుతోని ఒక లైనున్నదట. సర్వరు చూసుకునే బాలన్న కండ్లార చూసి చెప్పిండు."

"సర్వర్ల రాసిన కోడు ఆడనే పనిచేస్తది సార్. మీదాకా ఉత్త జాబితనే వస్తది. మిల్లులకు చెరుకు పోతది, బయటికి చక్కెర వస్తది. చక్కెరల చెరుకు కనవడుతదా?"

"గందుకే గాడ పెట్టినవన్నట్టు!"

ఎంత మెత్తగా మాట్లాడుతోంది! ఇలా మెత్తగా మాట్లాడేవాళ్లనే అస్సలు నమ్మకూడదనుకున్నాడు రామస్వామి. తండ్రి చెరుకు ఎప్పుడో కోయించేసి ఉంటుంది.

కిటికీ అవతల వరండా బెంచీ మీద ఒక రైతు చెరుకు గడ పట్టుకుని కూర్చున్నాడు. పదిహేను రోజులుగా ఇదే వరస.

"సారూ, గడ నిలువున ఎండుతున్నది. నా పర్మిటు..."

"కూసో! వంతు వస్తే పేరు అదే వస్తది," అని కసిరాడు రామస్వామి.

గోదావరి అటు తల తిప్పనైనా లేదు. తప్పు చేసిన మనిషి రైతు మొహం ఎలా చూస్తుంది?

"ఆ లైను తీసెయ్. నా ముందటనే."

"వద్దు సార్. కావాలంటే నన్ను పనిలకెంచి తీసెయ్యుండ్రి. అది మాత్రం తియ్యమనకుండ్రి."

ఆమె కళ్లలో నీళ్లు చూశాక రామస్వామికి ఇక అనుమానమే లేకపోయింది.

"తీస్తవా, బాలన్నను పిలువన్నా?"

గోదావరి లైను చెరిపేసి పేజీ మళ్లీ తెరిచింది. పది పేర్లు వచ్చాయి. మొట్టమొదటి పేరు భీమన్న.

రామస్వామి కుర్చీలోంచి లేచాడు. "తీసినంక గూడ మీ బాపే ముందటున్నడు! ఇంకేడ దాచినవ్?"

"ఇంకేడ లేదు సార్. అందరికన్న ముందుగాల నాటింది మా బాపే. బిడ్డ ఆఫీసుల ఉన్నదని పేరు ముందటికొచ్చిందంటరని భయమయింది. ఆ లైను పెట్టి నేనే ఎనుకకు నూకిన."

కిటికీ అవతల చెరుకు గడ కింద పడింది.

"నా పేరు ఎనుకకు నూకింది నువ్వేనా బిడ్డా?" అన్నాడు బెంచీ మీది రైతు.