చెయ్యి పెట్టి చూడు

"జ్వరం మందు తాగించే తెచ్చావు కదూ? నా కళ్లలోకి చూసి చెప్పు."

బట్టల ఫ్యాక్టరీ పిల్లల గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఆయమ్మ. ఆమె భుజం మీద నెలలు నిండకుండా పుట్టిన పాప నిద్రపోతోంది. ఆ పిడికెడు ప్రాణానికి ఫ్లూ అంటుకుంటే దక్కడం కష్టమని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచీ నుదుటి మీద చెయ్యి వేసి చూడందే ఆయమ్మ ఏ బిడ్డనూ లోపలికి వదలడం లేదు.

"లేదక్కా, నీమీదొట్టు. వీడికేం లేదు. మళ్లీ చెయ్యి పెట్టి చూడు," అంది మిషన్ కుట్టే తల్లి, కొడుకును ముందుకు తోస్తూ.

"చూశాను. నీళ్లకుండలా ఉన్నాడు. అదే నా అనుమానం. ఇక్కడ దిగబెట్టేదాకా చల్లగా ఉండటం, మీరటు వెళ్లగానే పెనంలా కాలడం. మొన్న మీరంతా చేసిన ఘనకార్యం అదేగా?"

"సెలవడిగితే సూపర్‌వైజరు ఇక రావద్దంటాడు. నన్నేం చెయ్యమంటావు?"

"ఆ మాట వాడి మొహం మీద అడుగు. నా దగ్గరా నీ ప్రతాపం?"

కూతుర్ని ఎత్తుకుని వెనక నిలబడ్డ లారీ డ్రైవరు నవ్వబోయాడు. "థర్మామీటరు పెడితే తేలిపోయేదానికి ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం?"

"కొనమన్నాను నాయనా. నీ చెయ్యి ఉండగా దండగ ఖర్చెందుకన్నాడు మేనేజరు. మిషన్ల నూనెకైతే ఎంతైనా పోస్తాడు. మన పిల్లలు వాడికి గుడ్డపీలికలు."

అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. కోపంతో ఒళ్లంతా భగభగ మండుతోంది. పొద్దుటినుంచి వచ్చిన ప్రతి బిడ్డా ఇలాగే చల్లగా ఉంది. అందరూ కూడబలుక్కుని మందు పోసి తెచ్చారన్నమాట. అందుకే ఒక్కర్ని కూడా గడప దాటనివ్వలేదు. వరండా నిండా పిల్లల్ని చంకనేసుకుని తల్లులు గొణుగుతున్నారు.

"గొణగండి, బాగా గొణగండి. ఈ పసిదానికి మీవల్ల ఏమన్నా అయిందో, ఒక్కొక్కరి సంగతి చూస్తాను."

పాపను మెడకు ఇంకాస్త గట్టిగా హత్తుకుని, రెండో చెయ్యి డ్రైవరు కూతురి నుదుటి మీద వేసింది.

ఆ పిల్ల చటుక్కున తల వెనక్కి లాక్కుంది.

"నాన్నా, ఆయమ్మ చెయ్యి కాలిపోతోంది."