గడ్డం పట్టుకోలేదు

“ఎవత్తే నన్ను చంపింది?” అంటూ శవం లేచి కూర్చుంది.

పాత రైలు షెడ్డులో అటూ ఇటూ పడి మూలుగుతున్న ఉత్తుత్తి క్షతగాత్రులంతా మూలగడం మానేసి తలలు తిప్పారు. పెద్ద ప్రమాదం జరిగితే బ్రాక్‌లీ అంబులెన్సువాళ్లు ఏమాత్రం సిద్ధంగా ఉన్నారో చూసే డ్రిల్లు అది. రైలు పట్టాలు తప్పిందనుకోవాలి. ఊళ్లోవాళ్లే వచ్చి, మొహాలకు ఎర్రరంగు పూసుకుని పడుకున్నారు. లేచి కూర్చున్న శవం పేరు డోరీన్. అరవై దాటిన మనిషి.

“పడుకోండి మేడమ్! మీరు చచ్చిపోయారు,” అంది కీలీ పళ్లు నూరుతూ. అందరికంటే ముందు లోపలికొచ్చి, ఎవరికి ఏ రంగు చీటీ కట్టాలో తేల్చే పని ఆ అమ్మాయిది. ఎర్ర చీటీవాళ్లను ముందు మోసుకెళతారు. నల్ల చీటీవాళ్ల జోలికి ఇక ఎవరూ రారు. డోరీన్ మెడలో వేలాడుతున్నది నల్ల చీటీ.

“చచ్చానని నీకెలా తెలుసు?”

“ఊపిరి లేదు. చూశాను.”

“చూశావు, బాగానే ఉంది. గడ్డం పట్టుకున్నావా?”

“దేనికి? బతిమాలుకోవడానికా?”

స్ట్రెచరు మోసేవాళ్లు కిసుక్కున నవ్వారు. డోరీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

“నవ్వండి, నవ్వండి! నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడితే ఊపిరాగిపోతుంది. తల కాస్త వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే మళ్లీ ఆడుతుంది. అప్పుడు కట్టాల్సింది ఎర్ర చీటీ! ఊపిరి బిగబట్టుకుని నీకోసం చూస్తూ పడున్నానే నేను. నువ్వేమో చీటీ తగిలించేసి నన్ను దాటుకుంటూ పోయావు!”

కీలీ మొహం పాలిపోయింది. “ఇంతమంది పడున్నారు కదండీ… ఒక్కొక్కరి దగ్గరా ఆగితే…”

“గడ్డం ఎత్తడానికి ఎంతసేపే? తుమ్మినంతసేపు!”

ఇంతలో ఈల వేసుకుంటూ కోలిన్ బ్రెయిత్‌వెయిట్ వచ్చిపడ్డాడు. సర్వీసులో పాతకాపే గానీ, ఈ డ్రిల్లులు నడిపించే పదవికి కొత్త. బయట కౌన్సిల్ పెద్దలు చలిలో నిలబడి ఉన్నారు. వాళ్లందరికోసం తెచ్చిన టీ, మాంసం కూరి కాల్చిన పైలు చల్లారిపోతున్నాయి. ఆయన వెళ్లి వాళ్ల ముందు “మావాళ్లు సిద్ధం” అని ఒక్క మాట చెప్పేస్తే చాలు. శనివారం ఫుట్‌బాల్ మ్యాచికి కాపలా కీలీ జట్టుదే. అక్కడ ఏం జరిగినా ముందు పరిగెత్తేది వీళ్లే.

“ఏమిటీ గోల? చచ్చినవాళ్లు మాట్లాడకూడదని ముందే చెప్పాం కదా!”

“డ్రిల్లు మళ్లీ మొదటినుంచి చేయించండి,” అంది డోరీన్. “ఈ పిల్ల గడ్డం ఎత్తడం మరిచిపోయింది. చేతికి అలవాటు కాకుండానే సిద్ధం అని ఎలా చెబుతారు?”

“మళ్లీనా? మతుండే మాట్లాడుతున్నారా? బయట అందరూ నాకోసం చూస్తున్నారు.”

“చూడనివ్వండి! శనివారం మ్యాచిలో జనం కూర్చునే స్టాండు కూలితే కింద ఎవరి బిడ్డ పడుంటుందో, ఎవరి మొగుడు పడుంటాడో! వాళ్లను కూడా ఇలాగే దాటుకుంటూ పోతే?”

“మేడమ్, ఇది నాటకం. నాటకంలో చిన్నాచితకా పొరపాట్లు మామూలే. నిజంగా జరిగినప్పుడు చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోతుంది. అక్కడ ఎవరూ మరిచిపోరు.”

“మరిచిపోతారు.”

కీలీ ఒకడుగు ముందుకేసింది. “సార్, ఆవిడ చెప్పింది నిజమే. నాకు తట్టనే లేదు. మళ్లీ చేస్తాను, సార్…”

“నువ్వు నోర్ముయ్!”

ఆ కసురుకి పాపం ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఒప్పుకున్నవాళ్లనే తిట్టే రకం పెద్దమనిషి ఆయన. అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

“చూడబోతే నెత్తికెక్కి కూర్చునేలా ఉన్నారే! మొహానికి ఇంత రంగు పూసుకుని, టీ కోసం, పైల కోసం వచ్చినవాళ్లా నాకు పాఠాలు చెప్పేది? ఎన్ని ప్రమాదాలు చూశాను నేను! ఎంతమందిని మోశాను ఈ చేతుల్తో! బతికున్న మనిషికి నల్ల చీటీ కట్టిన మొనగాడు మా సర్వీసులో ఇంతవరకూ పుట్టలేదు. ఉంటే చెప్పండి, పేరు చెప్పండి! ఇప్పుడే, ఇక్కడే, ఈ అమ్మాయి ముందే వాడి ఉద్యోగం పీకేస్తాను!”

డోరీన్ మెల్లగా లేచి నిలబడింది. మెడలోని చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఇప్పుడామె గొంతులో అరుపు లేదు.

“పేరు కోలిన్ బ్రెయిత్‌వెయిట్. హాల్డన్ వంతెన కింద బోల్తాపడిన బస్సులో, ఇలాంటిదే నా మెడలో తగిలించి దాటుకుంటూ పోయారు మీరు.”