మాస్టారి కాలు

"మాస్టారూ, కాలు బ్రేకు మీదే ఉందా?"

"ఉందమ్మా."

"ఒట్టు?"

"ఒట్టమ్మా! మీరు రోడ్డు చూడండి, నా కాలు కాదు."

ఆస్పత్రిలో ఎంతటి గాయం చూసినా చెక్కుచెదరని నర్సమ్మకు, స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం ముచ్చెమటలు పోస్తాయి. పెళ్లయిన కొత్తలో ఒకసారి కారు తీసి గేటుకు గుద్దింది. "ఇది నీ వల్ల అయ్యే పని కాదులే" అన్నాడు భర్త, నవ్వుతూనే. ఆయన ఆ మాట ఏనాడో మరిచిపోయాడు. ఈవిడ మాత్రం వేదవాక్కులా పట్టుకు కూర్చుంది.

నేర్పే కారు కాబట్టి మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంది. నర్సమ్మ ధైర్యమంతా దాని మీదే. కారు ఎప్పుడు ఆగినా ఆపింది ఆయనేనని ఆమె నమ్మకం.

ఇప్పుడేమో ఊరవతల పెద్దాస్పత్రిలో హెడ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న ఉద్యోగం. అక్కడికి బస్సు లేదు. చేరేదీ లేనిదీ ఇవాళే చెప్పాలి.

ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కింద ఎక్కడో టప్పుమంది.

"ఏంటది మాస్టారూ?"

"ఏం లేదమ్మా, చెప్పు తెగింది. పోనివ్వండి, పోనివ్వండి."

మామూలుగా గేరుకో సామెత చెప్పే మనిషి, ఆ తర్వాత రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని బిగుసుకుపోయాడు. తన డ్రైవింగ్ అంత ఘోరంగా ఉందన్నమాట అనుకుంది నర్సమ్మ.

దిగుడులో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మాస్టారూ, తొక్కండి!" అని అరిచింది. అరుస్తూనే తనూ తొక్కింది.

లారీకి జానెడు దూరంలో కారు ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి. లారీ కదిలింది.

"మెల్లగా... స్కూలుకి పోనివ్వండమ్మా" అన్నాడు మాస్టారు.

నర్సమ్మ పోనిచ్చింది. సంత సందడి దాటింది. అడ్డదిడ్డంగా వచ్చే సైకిళ్లను తప్పించింది. డ్రైవింగ్ స్కూలు గోడ పక్కన కారు ఆపి, ఇంజను కట్టేసి, ఒక్కసారిగా ఏడ్చేసింది.

"మీ కాలు చల్లగా ఉండాలి మాస్టారూ" అంటూ చేతులు జోడించింది. "ఆ కాలే లేకపోతే ఇవాళ నా పిల్లలకు తల్లి లేదు. మీ మేలు ఈ జన్మకు మరిచిపోను. కానీ రోజూ మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని డ్యూటీకి వెళ్లలేను కదా. ఆ ఉద్యోగం వద్దని ఇప్పుడే చెప్పేస్తాను."

ఫోను తీసింది. మాస్టారు ఆ ఫోను మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు. జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఆయన కూడా ఆమెకు చేతులు జోడించాడు.

"అయ్యో, మీరు నాకు దండం పెట్టడమేంటి మాస్టారూ!"

"నాకూ పిల్లలున్నారమ్మా. ఫ్లైఓవర్ మీద తెగింది నా చెప్పు కాదు, నా వైపు బ్రేకు వైరు."